పొట్నూరు వారి మేనకోడలు

రెండువేల ఇరవై నాలుగో సంవత్సరం, జూలై నెల, ఇరవై ఒకటో తేదీ, ఆదివారం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, పార్సిలు ఆఫీసు హెడ్ క్లర్కు పొట్నూరు శంకరరావు గారికి కేటాయించిన క్వార్టరు ముందు గది. హాజరైనవారు: గృహస్థు శంకరరావు గారు, ఆయన భార్య ఉషారాణి గారు, పోటీ పరీక్షలకు సిద్ధమవుతూ ఆ సన్నాహంలోనే ముప్పయ్యో ఏట అడుగుపెట్టిన వారి ఏకైక పుత్రుడు చిరంజీవి, గూడ్సు గార్డుగా రిటైరై, ఆనాటి నుంచి కాలనీలోని సమస్త వ్యవహారాలకూ తనంతట తానే పచ్చజెండా ఊపుతున్న అప్పారావు గారు, కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డ బిల్హా స్టేషను పాయింట్స్‌మన్ ముద్దాడ పోలయ్య, అతని కూతురు, న్యాయశాస్త్రం చదువుతున్న శ్వేత.

శ్వేత ఎవరు అన్నది ఆనాటి చర్చనీయాంశం. ఆమె ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరు కావాలి అన్నదే తేలవలసి ఉంది.

రైల్వే క్వార్టరులో గదిని అద్దెకివ్వడం నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే క్వార్టరు ఖాళీ చేయవలసి వస్తుంది. దగ్గరి చుట్టాలను ఇంట్లో ఉంచుకోవడం విరుద్ధం కాదు. ఈ రెండింటి మధ్యనున్న ఇరుకు సందులో ఆ వీధి గృహస్థుల ధర్మబుద్ధి యావత్తూ హాయిగా కాపురం చేస్తుండేది. జూలైలో కళాశాలలు తెరవగానే ఇంటికొక చుట్టపు పిల్ల పుట్టుకొచ్చేది. ఎండాకాలం పరీక్షలు ముగియగానే చుట్టరికం తెగిపోయి, పిల్ల తన పరుపు చుట్టుకుని వెళ్ళిపోయేది. ఆ తరువాత ఆమె బుధవారీ బజారులో ఎదురుపడినా నిన్నటి పిన్నిగానీ మొన్నటి పెద్దమ్మగానీ గుర్తుపట్టేవారు కారు. ఏ పిల్లకు ఏ వరస అతకాలో నిర్ణయించే అధికారం అప్పారావు గారిది. ఆ పని ఆయన ఉచితంగా చేసేవారు. అంటే, ప్రతి ఇంట్లోనూ భోజనం చేసేవారు.

శ్వేత అక్కడికి ముచ్చటపడి రాలేదు. ఆమె తరగతులు పొద్దున్నే మొదలవుతాయి. బిల్హా నుంచి వచ్చే లోకల్ బండి ఏ రోజు ఏ సిగ్నలు దగ్గర నిలబడి బొగ్గు బండికి దారి ఇస్తుందో ముందుగా చెప్పగలిగినవాడు ఆ లైనులో పుట్టలేదు. కిందటి ఏడు హాజరు చాలక ఆమెను పరీక్షకు కూర్చోనివ్వలేదు. ఈసారి కూడా తగ్గితే సీటే పోతుందని ప్రిన్సిపాలు తరగతి మధ్యలో నిలబెట్టి చెప్పాడు. హాస్టలు నిండిపోయింది. మోప్కాలో ఒకాయన గది చూపించి, అందులో చేపలు వండకూడదు, తినకూడదు, వాటిని గురించి ఫోనులో గట్టిగా మాట్లాడకూడదు అన్నాడు. మరొకాయన కెమెరాను సరిగ్గా ఆమె గుమ్మం మీదికి తిప్పించి దానికి భద్రత అని పేరు పెట్టాడు. ఒక ఇల్లాలు ఒంటరి ఆడపిల్లకు ఇవ్వనంది. పెళ్ళి చేసుకుని భర్తను వెంటబెట్టుకు వస్తే ఆలోచిస్తానంది. బోద్రీ కోర్టుకు రోజూ పోయివచ్చే గుమాస్తాలు పంచుకుంటున్న ఇంట్లో వంటగది రాత్రిపూట ఖాళీయేనని, అందులో పడుకోవచ్చని ఒక దళారీ, ఏ మాత్రం సిగ్గుపడకుండా, సలహా ఇచ్చాడు. వీళ్ళందరి గుమ్మాలు ఎక్కి దిగిన తరువాత ఆమె ఈ ముందు గదికి వచ్చి, తనకొక మేనమామో పెదనాన్నో ప్రసాదింపబడడం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

“తమ్ముడి కూతురని సెప్పేద్దాం. సులువు” అన్నారు శంకరరావు గారు.

“ఏటి సులువు?” అన్నారు అప్పారావు గారు, నోటిలోని కిళ్ళీని ఒక బుగ్గ నుంచి మరో బుగ్గకు మార్చుకుని. “పిల్ల ఆధార్ మీద ముద్దాడని ఉంది. నువ్వు పొట్నూరు. నీ తమ్ముడేటి, ఇల్లరికం ఎల్లి ఇంటిపేరు కూడా అత్తారికి ఇచ్చేసినాడా?”

పోలయ్య నవ్వవచ్చో కూడదో తెలియక సగం నవ్వి ఆపేశాడు.

“ఆంటీ వాళ్ళ అక్క కూతుర్నని చెప్పండి అంకుల్” అంది శ్వేత. “సర్‌నేమ్ వేరే ఉన్నా ఏం దిక్కత్ రాదు.”

“మా అక్కకి అందరూ మగపిల్లలేనే అమ్మీ, ఈ లైనంతా తెల్సు” అన్నారు ఉషారాణి గారు. “ఈయన చెల్లెలైతే సూరత్‌లో ఉంది. దాని పిల్లల మొహాలు ఇక్కడ ఎవలూ చూడ్లేదు. మేనకోడలని సెప్పండి. అదే బాగుంటాది.”

అప్పారావు గారు ఉషారాణి గారిని చూశారు. తరువాత చిరంజీవిని చూశారు. “అచ్ఛా, అచ్ఛా” అన్నారు. “బాగుంటాది మరి. బాగా బాగుంటాది.”

తల్లి అక్క కూతురైతే ఆ పిల్ల చిరంజీవికి చెల్లెలవుతుంది. తండ్రి చెల్లెలి కూతురైతే మరదలవుతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చి మూడు తరాలుగా బిలాస్‌పూరులో డ్యూటీలు చేస్తున్న ఆ కుటుంబాలు వెంట తెచ్చుకున్నవాటిలో భాష సగం కరిగిపోయింది, లిపి పూర్తిగా పోయింది. ఈ ఒక్క లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. చిరంజీవికి అప్పటికి వచ్చిన సంబంధాలన్నీ, వచ్చినవారు అతనిని ఒకసారి చూడగానే, కాఫీ చల్లారకముందే లేచిపోయాయి. ఆ ఉదయం అతను మొదటిసారిగా ఫోనులోంచి తల ఎత్తి శ్వేతను చూశాడు.

వెనక గది ఆమెకు దక్కింది. బియ్యం డ్రమ్ము, చెడిపోయిన కూలరు, చిరంజీవి ఎనిమిదేళ్ళ కిందట కొని ఒక్క పుట కూడా నలపని గైడ్ల దొంతర అక్కడే ఉన్నాయి. వాటికి కలిగించిన అసౌకర్యానికి కూడా కలిపి అద్దె నిర్ణయించారు. శ్వేత ఫిర్యాదు చేయలేదు. కళాశాల నడిచే దూరంలో ఉంది. ఆగస్టు మొదటి వారానికి ఆమె ఒక్క తరగతి కూడా పోగొట్టుకోలేదు.

అయితే ఉషారాణి గారు ఒక అబద్ధాన్ని ఊరికే పడుండనిచ్చే మనిషి కారు. దానిచేత ఇంటిపని చేయించగల మనిషి. మేనకోడలు కనుక పొద్దున్న టీ శ్వేత పెట్టాలి. మేనకోడలు కనుక బావకు పళ్ళెం అందించాలి. మేనకోడలు కనుక ఆంటీ అనకూడదు, అత్తా అనాలి. కూరగాయల బండి దగ్గర చేరిన ఆడవాళ్ళకు ఆవిడ, ఎవరూ అడగకముందే, “మా మేనకోడలేనండీ, ఇంటి పిల్లే, రేపో మాపో ఇంట్లోనే ఉండిపోయే పిల్ల” అని చెప్పసాగారు. ఆ ఆడవాళ్ళలో తెలుగువాళ్ళు అర్థం చేసుకుని నవ్వారు. మిగిలినవాళ్ళకు అర్థం కాలేదు కనుక నవ్వలేదు.

చిరంజీవి గుమ్మానికి అడ్డంగా నిలబడడం నేర్చుకున్నాడు.

“ఏటి మరదలా, బావని పట్టించుకోవా? ఇత్నా భావ్, అంత బెట్టు ఎందుకు యార్?”

“తప్పుకో. రేపు టెస్ట్ ఉంది.”

“నాకూ ఉంది టెస్టు.”

“ఎప్పుడు?”

“నోటిఫికేషన్ రావాలి కదా” అన్నాడు చిరంజీవి, నొచ్చుకుని.

శ్రావణమాసం సగం గడిచాక ఒక సాయంత్రం ఉషారాణి గారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, వాటికి చెప్పినంత తేలికగా చెప్పారు. “శుక్రవారం మంచిదట. మీ నాన్నని రమ్మని కబురెట్టినాను. తాంబూలాలు మార్చేసుకుంటే ఓ పనైపోతాది.”

“ఎవరి తాంబూలాలు ఆంటీ?”

“అత్తా అనమన్నానా లేదా? నీవీ, మా వాడివీను.”

“నేను రూమ్ కోసం వచ్చాను. రెంట్ ఇస్తున్నాను.”

“రెంటేటి?” ఉషారాణి గారి కళ్ళు నిజంగానే ఆశ్చర్యంతో పెద్దవయ్యాయి. “ఎవలైనా వింటే క్వార్టరు పోద్ది. నువ్వు మా మేనకోడలివి. మేనకోడలివి కాకపోతే ఈ ఇంట్లో ఎందుకున్నావే? కాదంటే శనివారం పొద్దుటికి సామాను సర్దీ.”

ఆ తర్కంలో లోపం లేదు. ఒక అబద్ధాన్ని పునాదిగా ఒప్పుకుంటే దానిమీద ఎన్ని అంతస్తులైనా లేపవచ్చునని ఆవిడకు ఏ న్యాయ కళాశాలా నేర్పలేదు. సెమిస్టరు మధ్యలో గది వెతుక్కోవడమంటే ఏమిటో శ్వేతకు తెలుసు. మళ్ళీ మోప్కా, మళ్ళీ చేపలు, లేదా మళ్ళీ ఆ లోకల్ బండి, దానితోపాటు హాజరు, దానితోపాటు సీటు.

ఆమె తండ్రిని పిలిపించింది. పోలయ్య డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చి, వెనక వరండాలో గడప కింద నిలబడ్డాడు. హెడ్ క్లర్కుల ఇళ్ళలో ముందు వైపు నుంచి రావడం అతనికి ఈ జన్మలో అలవాటు కాదు.

“నాన్నా, వీళ్ళు ఏం చేస్తున్నారో తెలుసా నీకు?”

“తెల్సమ్మా. బాబుగోరే ఫోన్ సేసినారు. నా నోట మాట రాలేదు.” అతని ముఖంలో కనిపించినది కోపం కాదు, ఆనందం. “ఏటి తప్పు సెప్పు? పార్సిలాఫీసు హెడ్ క్లర్కు. సొంత క్వార్టరు.”

“క్వార్టర్ సొంతం ఎలా అవుతుంది నాన్నా? గవర్నమెంట్‌ది.”

“గవర్నమెంటు కన్నా సొంతం ఏటుంటాది?”

“ఆ అబ్బాయి ఏం చేస్తాడు?”

“ప్రిపరేషను.”

“నేను స్కూల్లో ఉన్నప్పట్నుంచీ అదే ప్రిపరేషన్.”

“అయితే ఇంక అయిపొస్తాది గావాల” అన్నాడు పోలయ్య. అతను కాసేపు చేతిలోని టోపీని తిప్పి చూసి, “బాబుగోరిని కాదంటే ఎలాగమ్మీ” అని, ఎవరికీ కనబడకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. పట్టాలు ఎటు తిప్పాలో పైవాళ్ళు చెబితే అటు తిప్పడమే అతని ఉద్యోగం. ఆ అలవాటును అతను ఇంటికి కూడా తీసుకుపోయాడు.

గురువారం పొద్దున్న అప్పారావు గారు ఆయాసపడుతూ వచ్చారు. “తనిఖీ. ఇనస్పెక్టరు రెండో లైను క్వార్టర్లలో ఉన్నాడు. పలాస మనోడు బదిలీ అయిపోనాడు, ఈడెవడో కొత్తోడు, చంద్రాకరట, ఇక్కడోడే.”

పలాస నుంచి వచ్చిన పాత ఇనస్పెక్టరు, “మా మేనకోడలండీ” అనగానే, “ఏ ఊరు చెల్లెలు?” అని అడిగి, కాఫీ తాగి, సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆ వీధి అబద్ధాలన్నీ అతని చెవి కొలతకు కుట్టించినవి. శంకరరావు గారు చొక్కా తొడుక్కుని, ఉంగరాలు సవరించుకుని, ధైర్యంగానే కూర్చున్నారు. ఏ దేశంలోనైనా మేనకోడలు మేనకోడలే కదా అని ఆయన అభిప్రాయం. మూడు తరాలుగా ఆ ఊరి నీళ్ళు తాగుతూ, ఆ ఊరివాళ్ళను ‘వీళ్ళు’ అని తప్ప మరో పేరుతో తలుచుకోకుండా, వాళ్ళ పెళ్ళికిగానీ చావుకుగానీ వెళ్ళకుండా గడిపిన కుటుంబం నుంచి అంతకన్నా మెరుగైన అభిప్రాయం పుట్టడం కష్టం.

చంద్రాకర్ యాభై ఏళ్ళ బక్కపలచని మనిషి. చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు. అతని వెనక గుమ్మంలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు. తనిఖీ అనేది ఎప్పుడూ పక్కింట్లో జరిగితేనే చూడదగినది. గదులు లెక్కపెట్టి, వెనక గదిలో పుస్తకాలు చూసి, కుర్చీలో కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే, ఉషారాణి గారి ఆజ్ఞ మేరకు, శ్వేత టీ పళ్ళెంతో వచ్చింది.

“ఈ అమ్మాయి ఎవరు?” అన్నాడు హిందీలో.

“మేరీ భాంజీ, సాబ్” అన్నారు శంకరరావు గారు. “సొంత చెల్లెలి కూతురు. చదువుకుంటోంది.”

చంద్రాకర్ లేచి నిలబడ్డాడు.

“భాంజీయా? భాంజీ చేత నాకు చాయ్ మోయిస్తున్నారా?”

శంకరరావు గారికి అర్థం కాలేదు. గుమ్మంలోని ఆడవాళ్ళలో కలకలం రేగింది. ఛత్తీస్‌గఢ్‌లో అక్కచెల్లెళ్ళ పిల్లలు దేవుడితో సమానం. మేనమామ, తల పూర్తిగా నెరిసినవాడైనా సరే, ఆ పిల్లలు పసివాళ్ళైనా సరే, వంగి వాళ్ళ కాళ్ళు తాకుతాడు. వాళ్ళచేత పని చేయించడం పాపం. ఆ పిల్లను కొడుక్కు చేసుకోవడమన్నది అక్కడ ఎవరి ఊహకూ అందని అసహ్యం. బిల్హా బడిలో, బిల్హా పిల్లల మధ్య పెరిగిన శ్వేతకు ఇదంతా అక్షరాలకన్నా ముందు తెలుసు. ఆ క్షణం వరకు అది తనకు పనికివస్తుందని మాత్రం తెలియదు.

“మా నాన్న ఇప్పటికీ మా మేనత్త మనవడి కాళ్ళకు మొక్కుతాడు” అన్నాడు చంద్రాకర్. అతని గొంతులో మర్యాద తగ్గి ఉద్యోగం పెరిగింది. “మీరు ఇక్కడే పుట్టారని ఫైల్లో ఉంది. ఇంట్లో భాంజీ ఉంటే పొద్దున్నే ఏం చేస్తారో తెలియదా? లేక ఈమె భాంజీ కాదా? కిరాయిదారా?” అతను జేబులోంచి కలం తీశాడు.

అప్పారావు గారు తిరుగుతున్న ఫ్యానులో ఏదో చూడసాగారు. శంకరరావు గారు ఉంగరాలు మళ్ళీ సవరించుకున్నారు.

శ్వేత పళ్ళెం బల్ల మీద పెట్టింది. చిరంజీవి కూర్చున్న కుర్చీ దగ్గరకు వెళ్ళి, “లే అన్నయ్యా” అంది. అతను లేచాడు. ఆమె అందులో కూర్చుని, చున్నీ సర్దుకుని, రెండు పాదాలూ కొంచెం ముందుకు చాపింది.

“మామాజీకి ఇవాళ సిగ్గు, సాబ్” అంది చక్కని హిందీలో. “రోజూ చేసేదే. కొత్తవాళ్ళ ముందు కదా. రండి మామాజీ.”

శంకరరావు గారు భార్య వంక చూశారు. భార్య కలం వంక చూస్తున్నారు. ఆయన లేచారు. పార్సిలు ఆఫీసులో హమాలీల నమస్కారానికి తల ఊపడానికి కూడా ఇష్టపడని మనిషి, పొట్ట అడ్డం వస్తుంటే ఒక చేత్తో దాన్ని పట్టుకుని, మోకాళ్ళు వంచి, ఒక పాయింట్స్‌మన్ కూతురి బొటనవేళ్ళు తాకి, ఆ చేతిని నుదుటికి ఆనించుకున్నారు. లేవడానికి అప్పారావు గారు చెయ్యి అందించవలసి వచ్చింది.

“మామీజీ?” అంది శ్వేత.

ఉషారాణి గారు కూడా వంగారు. వంగినప్పుడు ఆవిడ పళ్ళ మధ్య నుంచి ఒక తెలుగు మాట వచ్చింది. అది ఆశీర్వాదం కాదు.

“సదా సుఖీ రహో” అంది శ్వేత.

చంద్రాకర్ ముఖం వికసించింది. కలం మళ్ళీ జేబులోకి పోయింది. అతను చిరంజీవి వైపు తిరిగి, “మీ చెల్లెలు లాయరవుతుందన్నమాట” అన్నాడు. చిరంజీవి తల్లిని చూసి, తండ్రిని చూసి, “జీ... బహన్” అన్నాడు. చంద్రాకర్ మళ్ళీ శంకరరావు గారి వైపు తిరిగి, “మీవాళ్ళలో భాంజీని కొడుక్కి చేసుకుంటారని ఎవడో చెప్పాడు నాకు. నేను నమ్మలేదు” అన్నాడు.

“రామ్ రామ్!” శంకరరావు గారు రెండు చెవులూ పట్టుకున్నారు. “అది మద్రాసు వైపు, సాబ్. మేం అలాంటివాళ్ళం కాము.”

ఆయన తల్లీ తండ్రీ మేనరికం. ఆయనా ఉషారాణి గారూ మేనరికం. గుమ్మంలోని తెలుగు ఆడవాళ్ళకు ఇది తెలుసు. ఇంట్లో మేనకోడళ్ళను పెట్టుకున్నవాళ్ళు కనుక వాళ్ళూ గట్టిగా తల ఊపారు. మిగిలినవాళ్ళు ఈ మాటను అందరికన్నా ముందు పక్క లైనుకు మోయడానికి అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నారు. శుక్రవారం తాంబూలాలు ఆ గుమ్మం దగ్గరే ముగిసిపోయాయి. అదే నోటితో రేపు ఆ పిల్లను కోడలని చెప్పగలిగే ధైర్యం, అంటే క్వార్టరు పోగొట్టుకోగలిగే ధైర్యం, పొట్నూరు వారి వంశంలో ఏ తరంలోనూ లేదు.

“ఒక కాగితం రాసివ్వండి చాలు” అన్నాడు చంద్రాకర్.

“నేను రాస్తాను సాబ్” అంది శ్వేత. “మామాజీకి చేతులు వణుకుతున్నాయి.”

ఆమె హిందీలో రెండు ప్రతులు రాసింది. పైకి చదివింది కూడా, ఎవరూ తరువాత తెలియలేదనకుండా: ఈమె నా సొంత చెల్లెలి కూతురు, నా కొడుక్కి తోబుట్టువుతో సమానం, న్యాయశాస్త్రం చదువు పూర్తయ్యేవరకు నా ఇంటి వెనక గదిలో ఉంటుంది, ఈమె వద్ద నేను ఏ రూపంలోనూ అద్దె తీసుకోవడం లేదు, తీసుకోను.

చివరి వాక్యం దగ్గర ఉషారాణి గారు దగ్గారు.

“ఏమన్నా తప్పు రాశానా మామీజీ?”

“లేదమ్మా” అన్నారు ఉషారాణి గారు.

శంకరరావు గారు సంతకం చేశారు. సాక్షిగా అప్పారావు గారు, నెమ్మదిగా, పూర్తి పేరుతో, రిటైర్డ్ గార్డు అని కూడా చేర్చి, సంతకం చేశారు. ఒక ప్రతి చంద్రాకర్ ఫైలులోకి వెళ్ళింది. రెండోదాన్ని శ్వేత సిరా ఆరేదాకా గాలిలో పట్టుకుని, అంచులు కలిపి నాలుగు మడతలు పెట్టి, వెనక గదిలోకి తీసుకువెళ్ళి, తన సూట్‌కేసులో బట్టల అడుగున దాచి తాళం వేసింది.